ఆటబొమ్మలు – అభిమాన చిత్రకారులు

పులిజూదం ఆడడానికి మన పెద్దలెవరూ అంగడికి పోయి పలక కొనితెచ్చుకోలేదు. గుడి మండపంలోని బండమీద ఎవరో ఒకరు ఉలితో గీతలు చెక్కారు. తరతరాల వారు వాటిమీద ఆడుకొన్నారు. అష్టాచెమ్మా గళ్ళు ఇంటి గచ్చుమీద సుద్దముక్కతో గీసుకొన్నవే. అచ్చుపటాలు రాకముందు వైకుంఠపాళిలోని పాములనూ నిచ్చెనలనూ చేతితోనే చిత్రించేవారు. ఆటను ప్రేమించినవారు ఆటబొమ్మను తామే గీసి, దానిని తోటివారి ముందుంచడం తెలుగునాట కొత్తగా పుట్టిన ముచ్చట కాదన్నమాట.

నేడు ఆట మారింది. బండమీదినుంచి అది ఫోనులోనికి చేరింది. కొల్లాపూరు వంటి చిన్న పట్టణంలో సైతం లెక్కల నోటుపుస్తకాల చివరి పుటలు తిరగవేస్తే వీడియో ఆటల వీరులు కనిపిస్తారు. కవచాలు తొడిగిన యోధులు, రెక్కల గుర్రాలు, పేరు తెలియని రాక్షసులు అక్కడ కొలువుదీరి ఉంటారు. గీసిన పిల్లవాడో పిల్లో ఆ బొమ్మను ఫోనుతో తీసి, అదే ఆటను ఇష్టపడే దూరదేశాల అభిమానులకు పంపుతారు. ఎన్నడూ ముఖాలు చూడని వారు ఆ బొమ్మను మెచ్చుకొంటారు, తప్పులు చూపుతారు, తమ బొమ్మలను బదులు పంపుతారు. ఈ వ్యవహారమంతా ఉపాధ్యాయుల కంట పడినప్పుడు మాత్రం పిల్లలకు దక్కేది చీవాట్లే. కొన్ని వేళల ఆ పుట చిరిగిపోవడం కూడ కద్దు.

ఉపాధ్యాయుల కోపానికి కారణాలు లేకపోలేదు. ఇది కాలహరణమనేది మొదటి ఆక్షేపణ. ఇతరుల బొమ్మకు నకలే గాని కళ కాదనేది రెండవది. ఇందులో మనదనేది ఏమీ లేదు, అంతా పరాయిసొమ్మే అనేది మూడవది. ఈ మూడింటిని వేరువేరుగా పరిశీలించవలసి ఉన్నది.

కాలహరణం మాట ముందు చూద్దాం. ఆడడం వేరు, గీయడం వేరు. ఆడేవానికి తీరిక ఉండదు. వాని కన్ను వేలి వెంట పరుగెడుతుంది. తాను వందసార్లు నడిపించిన వీరుని కత్తి ఏ చేతిలో ఉన్నదో అడిగితే తడుముకొంటాడు. గీసేవాడు ఆగక తప్పదు. భుజం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, వెలుగు ఏ వైపునుంచి పడుతున్నదో, నిలుచున్న మనిషి బరువు ఏ కాలిమీద ఆనినదో చూడనిదే పెన్సిలు ముందుకు సాగదు. ఆట కాజేసిన చూపును బొమ్మ తిరిగి రాబడుతుంది. ఫోను వదలని పిల్లవానిచేత కాగితం పట్టించిన శక్తిని శత్రువుగా ఎంచడం వివేకం కాదు. డ్రాయింగు మాస్టరు లేని బడులు పల్లెల్లో ఎన్నో ఉన్నవి. అక్కడ పిల్లలు తమంత తాము వెదకుకొన్న చిత్రలేఖన పాఠం ఇది.

ఇక నకలు మాట. ఒకరు సృష్టించిన పాత్రను మరొకరు తీసుకొని తమ కల్పన జోడించడమే నేరమైతే తెలుగు సాహిత్యంలో మిగిలేది బహు స్వల్పం. గోన వంశీయుల వర్ధమానపురం కొల్లాపూరుకు మరీ దూరమేమీ కాదు. అది నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని వడ్డెమాను. ఆ వంశానికి చెందిన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో రచించిన రంగనాథ రామాయణంలో వాల్మీకి చెప్పని కథలు పెక్కు కలవు. ఊర్మిళాదేవి నిద్ర, ఉడుత భక్తి, సులోచన వృత్తాంతం అటువంటివి. రాముడు వాల్మీకి సొత్తు, నీవు ముట్టరాదని ఆనాడు ఎవరైనా ఆంక్ష పెట్టి ఉంటే, ఉడుత వీపుమీది గీతల కథ తెలుగు పిల్లలకు ఇంతగా దక్కి ఉండేది కాదు. కొల్లాపూరు సంగతే తీసుకొన్నా, అది సురభివారి జటప్రోలు సంస్థానానికి రాజధానిగా వెలసిన ఊరు. ఆ వంశంలోని సురభి మాధవరాయలు 17వ శతాబ్దంలో వ్రాసిన చంద్రికా పరిణయాన్ని విమర్శకులు ‘పిల్ల వసుచరిత్ర’ల కోవలో చేర్చారు. రామరాజభూషణుని అడుగుజాడలలో నడిచినందుకు ఆ ప్రభువును ఎవరూ దొంగ అనలేదు. అనుసరణలో ఎంత దూరం పోగలిగినాడన్నదే వారు విచారించారు.

పిల్లల బొమ్మకు కూడ ఈ తూనికే తగినది. ఆ వీరుడు ఎవరివాడన్న ప్రశ్నతో విచారణ ముగియరాదు. వాని ముఖంలో ఆటలో లేని అలసటను గీసిందా? యుద్ధం ముగిసిన తరువాత వాడు ఏటి ఒడ్డున కూర్చుండడాన్ని ఊహించిందా? అట్లు ఊహించిన క్షణాన ఆ పిల్ల నకలు వదలి రచనలో అడుగుపెట్టినట్లే.

జపాను దేశం ఈ సంగతిని చాల ముందుగా గ్రహించినది. 1975 డిసెంబరు 21న టోక్యో నగరంలో అభిమానులు తామే గీసి, తామే అచ్చువేసుకొన్న బొమ్మల పుస్తకాల సంత ఒకటి జరిగింది. దాని పేరు కామికెట్. 32 బృందాలు, సుమారు 700 మంది సందర్శకులతో మొదలైన ఆ సంతకు తరువాతి కాలంలో లక్షల సంఖ్యలో జనం రాసాగారు. జున్ అనే కలంపేరుగల ఒకే వ్యక్తి బొమ్మలు, సంగీతం, యంత్రరచన అన్నీ తానే చేసి ‘తోహో’ అనే ఆటల వరుసను ఆ సంతలోనే జనం ముందుంచాడు. కొన్ని నియమాలకు లోబడి తన పాత్రలను ఎవరైనా గీసుకోవచ్చునని ఆయన అనుమతి ఇచ్చినందున, ఆ ఆటల చుట్టూ అభిమానుల చిత్రాలు, పాటలు, కథలు కుప్పలు తెప్పలుగా వెలిసినవి. ఇచ్చినందువల్ల ఆయన కీర్తి పెరిగినదే గాని తరిగినది లేదు.

మూడవ ఆక్షేపణ, పరాయితనం, ఇంకొంత సూక్ష్మమైనది. వీడియో ఆటల బొమ్మలు మొదట ఏ విధంగా పుట్టినవో తెలుసుకొంటే అది చాలమటుకు కరిగిపోతుంది. 1981లో నింటెండో సంస్థ వెలువరించిన డాంకీకాంగ్ ఆటలో షిగెరు మియమోతో ఒక చిన్న మనిషిని సృష్టించాడు. తరువాత మారియో పేరుతో జగత్ప్రసిద్ధుడైనది ఆ మనిషే. ఆనాటి యంత్రం ఆ బొమ్మకు ఇచ్చినవి కొద్దిపాటి గళ్ళు మాత్రమే. అంత ఇరుకులో నోరు గీయడం సాధ్యం కాదు గనుక పెద్ద ముక్కు కింద మీసం పెట్టారు. జుట్టు గీయడం కష్టమైనందున నెత్తిన టోపీ ఉంచారు. చేతుల కదలిక తెలియడానికి రంగుల దుస్తులు తొడిగారు. 1984లో వెలువడిన మెకింతోష్ కంప్యూటరుకు బొమ్మగుర్తులు రూపొందించిన సూసన్ కేర్ కూడ గళ్ళకాగితం ముందు పెట్టుకొని, ఒక్కొక్క గడిని నింపుతూ గీసినామెయే.

గడిని నింపి బొమ్మ తీయడం! ఈ మాట వినగానే పాలమూరు, నల్లగొండ సీమలవారు నవ్వుకోవలసి ఉన్నది. ఒకనాటి నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాండ్రు చేసే పని మరేమిటి? గళ్ళకాగితం మీద నమూనా గీసుకొంటారు. ఏ పోగు ఏ గడిలో ఏ రంగు పొందవలెనో ముందే లెక్కకట్టి, రంగు అంటరాని చోట నూలును ముడివేసి, తక్కినదానిని రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కిన తరువాత ఆ పోగులు ఒకదానినొకటి కలిసి బొమ్మ తేలుతుంది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన తేలియా రుమాలు అట్లు పుట్టినదే. తెర మీది చుక్కకు, చీర మీది గడికి నడుమ బంధుత్వం కద్దని పిల్లలకు చెప్పేవారు లేకపోయినారు.

మన వాకిళ్ళలోని ముగ్గు కూడ ఈ కుటుంబంలోనిదే. “పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు” అంటే చాలు, సంక్రాంతి నెలలో పొరుగింటి పిల్ల ఆ ముగ్గును తన వాకిట దించివేస్తుంది. ఆ ముగ్గు ఎవరిదని ఏ ఇల్లాలూ వ్యాజ్యం వేయలేదు. చుక్కల లెక్క తప్పితే మాత్రం, “నాలుగో వరుస చూడవమ్మా” అని దారిన పోయే పెద్దమ్మ చెప్పిపోయేది. అచ్చయిన పత్రికలకు ముగ్గులు పంపే కాలం వచ్చాక ముగ్గు కింద పంపినవారి పేరు కూడ కనిపించింది. పంచుకోవడం, సరిదిద్దడం, పేరు చెప్పడం అనే మూడు మర్యాదలూ ముగ్గుల లోకంలో ఏనాడో స్థిరపడినవే. అభిమాన చిత్రకారుల బృందం మంచిదైతే అక్కడ నడిచేవి కూడ ఈ మర్యాదలే.

ఐతే, ప్రతి బృందం మంచిది కాదు. ఇందుచేత పిల్లలను పూర్తిగా వారి దారికి వదలివేయడం కూడ తగదు. గీసినవారి పేరు చెరిపి ఇతరుల బొమ్మను తమదిగా చూపేవారు ఉన్నారు. 2022 తరువాత నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ తయారుచేసి ఇచ్చే యంత్రాలు అందరి చేతికి అందినవి. ఆ బొమ్మను తన చేతిపని అని చెప్పుకొన్న పిల్లవాడు లోకాన్ని మోసగించినది కొంతే. తనకు రావలసిన విద్యను తానే పోగొట్టుకొన్నది ఎక్కువ. మెప్పుకోసం గీసేవారు మెప్పు వచ్చిన బొమ్మనే పదేపదే గీస్తారు, అక్కడితో ఎదుగుదల ఆగిపోతుంది. అన్నిటికన్న ముఖ్యమైన జాగ్రత్త మరొకటి ఉన్నది. బొమ్మతోపాటు పిల్లల ఫోటో, ఊరు, బడి పేరు పరాయివారికి చేరరాదు. బొమ్మ లోకమంతా తిరగవచ్చు, గీసిన పిల్లల చిరునామా మాత్రం ఇంట్లోనే ఉండవలె.

చట్టం సంగతి కూడ విద్యార్థులు ఎరిగి ఉండడం మంచిది. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. సొంత వినియోగానికి, విమర్శకు న్యాయమైన మేరకు ఇతరుల రచనను వాడుకొనడాన్ని అది సహిస్తుంది. ఇతరులు సృష్టించిన పాత్రను గీసి, అచ్చువేసి, డబ్బుకు అమ్మడం మాత్రం వేరు సంగతి. దానికి హక్కుదారుల అనుమతి కావలసి ఉంటుంది. ఈ భేదాన్ని తరగతిలో చెప్పడానికి అరగంట చాలు. నోటుపుస్తకం చింపడంకన్న అది మేలైన శిక్షణ.

కొల్లాపూరు పిల్లలకు గీయదగిన వస్తువులు కరవా? మంచాలకట్టనుంచి తరలివచ్చిన మాధవస్వామి ఆలయం వారి ఊళ్ళోనే ఉన్నది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవలసిన గుడిని రాయి రాయిగా విప్పి తెచ్చి మళ్ళీ నిలిపిన చరిత్ర దానిది. ఆ రాళ్ళమీద శిల్పాలున్నవి. కొద్ది దూరంలో సోమశిల దగ్గర కృష్ణ పారుతున్నది, ఆవలి ఒడ్డున నల్లమల కొండలు. ఆటలోని కోటను గీయగలిగిన చేయి ఈ గుడి స్తంభాన్ని గీయలేదా? పుణెలోని ఒక చిన్న సంస్థ 2020లో ‘రాజి’ అనే ఆటను వెలువరించింది. దానిలో మన పురాణ దేవతల అండతో అసురులతో పోరాడే బాలిక కథానాయిక, పహాడీ చిత్రాల పోకడ ఆ ఆటకు అలంకారం. స్వదేశపు బొమ్మకు ఆటలో చోటు లేదన్న మాటను అది అబద్ధం చేసింది.

కనుక ఉపాధ్యాయులకు చేయదగిన మనవి ఇది. లెక్కల పుస్తకం వెనుక అట్టి బొమ్మ కనిపించినప్పుడు చేయి వెంటనే చింపడానికి పోరాదు. “ఈ వీరుడు ఎవరు సృష్టించినవాడు? ఇందులో నీవు చేర్చినదేమిటి?” అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. మొదటిదానికి జవాబు చెప్పగలిగిన విద్యార్థికి నిజాయితీ ఉన్నది. రెండవదానికి జవాబు దొరకకపోతే, మరునాటికి దానిని వెదకుకొని రమ్మనవచ్చు. బొమ్మలు గీయడానికి వేరుగా ఒక పుస్తకం ఇప్పించి, లెక్కల పుస్తకాన్ని లెక్కలకే ఉంచుకోమని చెప్పడం కూడ న్యాయమే.