లేబుల్ చించండి, బట్ట కాల్చకండి

ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని ట్యాంక్ రోడ్డు పేరు అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ప్రకటించే నకిలీ బజార్ల జాబితాలో కొన్నేళ్లుగా కనిపిస్తూనే ఉంది. పేరున్న బ్రాండ్ల ముద్రలతో జీన్సులు, టీషర్టులు, బూట్లు అక్కడ టోకున అమ్ముడై ఇతర బజార్లకు చేరతాయి. పోలీసులు అప్పుడప్పుడూ దాడి చేస్తారు, మూటలు ఎత్తుకెళతారు, ఫొటోలు దిగుతారు. సరుకు మాత్రం మళ్లీ దుకాణాలకు వస్తూనే ఉంటుంది. ఈ తంతును నకిలీలపై యుద్ధం అనడం ఇకనైనా మానాలి.

చట్టంలో పదును లేకపోలేదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా విధిస్తోంది. కానీ టోకు వ్యాపారికి 2 లక్షలంటే చేతి ఖర్చు. పైగా ఇలాంటి దాడుల్లో సులువుగా దొరికేది కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాడే. కుట్టించినవాడు, రంగు అద్దించినవాడు, లేబుళ్లు అచ్చు వేయించినవాడు తెర వెనకే ఉండిపోతారు.

అసలు ప్రమాదం ఆ తెర వెనకే ఉంది. నకిలీ సరుకుకు చిరునామా ఉండదు. చిరునామా లేని కార్ఖానాను మురుగునీటి శుద్ధి గురించి, కూలి పట్టీ గురించి ఎవరు అడుగుతారు? ఈశాన్య ఢిల్లీలోని శివ్‌విహార్‌లో ఇళ్ల నడుమ నడిచిన అక్రమ జీన్స్ అద్దకం యూనిట్ల విషయంలో హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. అవి నకిలీల కోసమే పనిచేశాయని అనడం లేదు. కానీ నిఘా లేని అద్దకం ఎక్కడికి దారితీస్తుందో ఆ వాడ చూపింది. కాబట్టి పట్టుబడ్డ ప్రతి మూట వెనకా అది తయారైన చోటును వెతకాలి. ఆ దర్యాప్తులో కాలుష్య నియంత్రణ కమిటీ, కార్మిక శాఖ పోలీసులతో పాటు ఉండాలి.

బ్రాండ్లేమీ పునీతులు కావు. బర్బెరీ సంస్థ 2017-18లో 2.86 కోట్ల పౌండ్ల విలువైన అమ్ముడుపోని సరుకును ధ్వంసం చేసింది. గగ్గోలు పుట్టాకే ఆ పని మానేసింది. పెద్ద కంపెనీలు అమ్ముడుపోని దుస్తులను ధ్వంసం చేయకుండా ఐరోపా సమాఖ్య 2026 జులై 19 నుంచి నిషేధం పెట్టింది. అసలు కాలినా నకిలీ కాలినా పొగ ఒకటే. శీతాకాలం వస్తే ఊపిరాడని ఢిల్లీలో స్వాధీనం చేసుకున్న గుట్టలకు నిప్పు పెట్టడం తెలివితక్కువతనం. ఈ విషయంలో ట్రేడ్‌మార్కుల చట్టం చేతులేమీ కట్టేయలేదు. జప్తు సరుకును ధ్వంసం చేయవచ్చు, లేదా న్యాయస్థానం తగినదనుకున్న మరో విధంగా వదిలించుకోవచ్చు అంటోంది 111వ సెక్షన్. లేబుళ్లను చెరిపేసే వీలు 135వ సెక్షన్‌లో ఉంది. జాతీయ రాజధాని ప్రాంతం (ఎన్‌సీఆర్)లోనే ఉన్న పానిపట్ పాత బట్టలను చీల్చి, నూలు తీసి దుప్పట్లు నేసే పట్టణం. అక్కడి అద్దకం యూనిట్లు కడిగిన ముత్యాలు కావు, వాటినీ అదుపులో పెట్టాలి. అయినా ముద్ర తీసేసిన గుడ్డ వెళ్లాల్సింది అక్కడికే.

మనకు మరింత దగ్గరి బాధ ఇంకొకటి. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌ను పోలిన అచ్చు గుడ్డలు బజార్లో కొల్లలు. వాటిని పోచంపల్లి పేరుతో అమ్మితే భౌగోళిక గుర్తింపు చట్టంలోనూ శిక్షలు సరిగ్గా అంతే. కానీ కోర్టుకెక్కేదెవరు? బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ బ్రాండ్ యజమానులు ట్రేడ్‌మార్కు ఉల్లంఘన జరిగిందంటూ అమెజాన్ సంస్థపై దావా వేస్తే ఢిల్లీ హైకోర్టు 2025 ఫిబ్రవరిలో దాదాపు 340 కోట్ల రూపాయల పరిహారం ప్రకటించింది. తర్వాత డివిజన్ బెంచి దాని అమలును నిలిపివేసింది, అది వేరే సంగతి. పోరాడే స్తోమత ఉన్నవాడి గోడు న్యాయస్థానం ఆలకిస్తుంది. మగ్గం మీద బతికేవాడికి ఆ స్తోమత ఎక్కడిది? ఆ ఖర్చు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలే భరించాలి. ఢిల్లీలోని రెండు రాష్ట్రాల భవన్‌లలో చేనేత నకిలీలపై కేసులు వేయడానికే న్యాయవాదులను నియమించాలి. మొదటి కేసు వచ్చే ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం లోపే దాఖలు కావాలి.