వారసత్వానికి వేలంపాట తగదు

నష్టాల సాకుతో చారిత్రక భవనాలను, వాటిలో నడుస్తున్న హోటళ్లను విక్రయించడం దేశానికి కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం 2001-03 మధ్య భారత పర్యాటకాభివృద్ధి సంస్థకు చెందిన పలు హోటళ్లను ప్రైవేటు రంగానికి అప్పగించింది. 2021 ఆగస్టులో ప్రకటించిన జాతీయ ఆస్తుల నగదీకరణ పథకంలోనూ ఆ సంస్థ హోటళ్లకు చోటు దక్కింది. అయితే ఈసారి యాజమాన్యం ప్రభుత్వం వద్దనే ఉంటుందని స్పష్టం చేయడం కొంత ఊరట కలిగించే అంశం. అసలు అటువంటి ఆస్తులను అమ్మాలా, లీజుకివ్వాలా, యథాతథంగా వదిలివేయాలా అన్న ప్రశ్నకు సమాధానం వెతికేవారు అండమాన్ దీవుల వైపు ఒకసారి దృష్టి సారించడం అవసరం.

2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిర్‌లో, మెరైన్ హిల్ కొండవాలుపై బే ఐలాండ్ హోటల్ ఉంది. ప్రఖ్యాత వాస్తుశిల్పి చార్లెస్ కొరియా రూపకల్పన చేసిన ఈ హోటల్ 1982 నాటికి పూర్తయింది. స్థానికంగా లభించే పడోక్ కలపతో, కొండవాలును చెక్కివేయకుండా మెట్లు మెట్లుగా సముద్రం వైపు దిగేలా నిర్మించిన ఈ కట్టడం ప్రైవేటు రంగంలో నేటికీ అతిథులతో కళకళలాడుతున్నది. దాని వసారాలో నిలబడి చూస్తే ఎదురుగా కనిపించేది రాస్ దీవి. 2018 డిసెంబరులో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని పేరు పెట్టారు.

1858లో శిక్షాస్థావరం ఏర్పడిన నాటి నుంచి ఎనిమిది దశాబ్దాలకు పైగా ఆంగ్లేయుల పాలన ఆ దీవి నుంచే సాగింది. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, రొట్టెల బట్టీ, నృత్యశాల, ఈతకొలను వంటి సకల హంగులూ అక్కడ వెలిశాయి. 1857 తిరుగుబాటులో పట్టుబడి ద్వీపాంతరానికి వచ్చిన ఖైదీలే అక్కడి అడవిని నరికి ఆ వైభవానికి పునాది వేశారన్నది మరువరాని చరిత్ర. 1941 జూన్‌లో సంభవించిన భూకంపం, ఆ మరుసటి ఏడాది జపాన్ ఆక్రమణ ఆ దీవి ప్రాభవానికి తెరదించాయి. 1979లో నౌకాదళం దీవిని స్వాధీనం చేసుకునేనాటికే గోడలను మర్రి జాతి చెట్ల వేళ్లు చుట్టివేశాయి. బంగళాను ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు. అయినా అది మిగలలేదు. విక్రయించనంత మాత్రాన వారసత్వం భద్రంగా ఉంటుందని భావించడం భ్రమ అనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

అలాగని అమ్మకమే పరిష్కారమని వాదించడమూ తొందరపాటే అవుతుంది. ఉదయపూర్‌లో ఫతేసాగర్ ఒడ్డున ఉన్న లక్ష్మీవిలాస్ ప్యాలెస్ హోటల్‌ను 2002లో 7.52 కోట్ల రూపాయలకు విక్రయించారు. ఆ ఆస్తి విలువ 252 కోట్ల రూపాయలకు పైగా ఉంటుందన్న అంచనాను ప్రస్తావిస్తూ 2020 సెప్టెంబరులో జోధ్‌పూర్‌లోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం కేసు నమోదుకు ఆదేశించగా, రాజస్థాన్ హైకోర్టు ఆ ఆదేశాల అమలును నిలిపివేసింది. తప్పొప్పుల నిర్ణయం న్యాయస్థానాల పని. కానీ ఒకే భవనానికి ఇంత వ్యత్యాసంతో విలువ కట్టడం సాధ్యమైనప్పుడు, చరిత్రకు ధర నిర్ణయించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అయితే కలకత్తాలోని గ్రేట్ ఈస్టర్న్ హోటల్‌ను 2005లో ప్రైవేటు సంస్థకు అప్పగించిన తరువాత, 2013లో అది నవీకరణతో తిరిగి ద్వారాలు తెరిచింది. అమ్మకాన్ని సమర్థించేవారికి అది బలమైన ఉదాహరణ. కానీ మెట్రో నగరానికి చెల్లినది మారుమూల దీవులకు చెల్లుతుందని చెప్పలేము.

అండమాన్, నికోబార్ దీవుల విస్తీర్ణం ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నా, అందులో ఎనభై శాతానికి మించి అడవులే. మిగిలిన కొద్దిపాటి నేలపైనే 2011 జనాభా లెక్కల ప్రకారం 3.80 లక్షల మంది బ్రతుకులు ఆధారపడి ఉన్నాయి. వారిలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసవెళ్లిన మత్స్యకారులు, కూలీల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. రాజధానికి ప్రధాన ఆధారమైన ధనిఖారీ జలాశయం వేసవిలో అడుగంటితే నీటి సరఫరాకు కోత తప్పదు. అటువంటి చోట ఒక సముద్రతీరపు స్థలం చేతులు మారితే కేవలం గోడలు, గదులే కాదు, నీరు, తీరం, ఉపాధి కూడా చేతులు మారతాయి. లాంగ్ ఐలాండ్, స్మిత్, ఏవిస్, షహీద్ ద్వీప్‌లలో రిసార్టుల నిర్మాణానికి ప్రభుత్వం ప్రైవేటు భాగస్వాములను ఆహ్వానించిన నేపథ్యంలో ఈ హెచ్చరిక మరింత సముచితం.

విక్రయానికీ నిర్లక్ష్యానికీ మధ్య మూడవ మార్గం లేకపోలేదు. మైసూరులోని లలిత మహల్‌ను దశాబ్దాల పాటు పర్యాటకాభివృద్ధి సంస్థ హోటల్‌గా నడిపినా, 2018లో దానిని కర్ణాటక ప్రభుత్వానికి తిరిగి అప్పగించడం సాధ్యపడింది. హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్ యాజమాన్యం నిజాం వారసుల చేతిలోనే ఉండగా, లీజుకు తీసుకున్న తాజ్ సంస్థ సంవత్సరాల తరబడి మరమ్మతులు జరిపి 2010లో హోటల్‌గా ప్రారంభించింది. ఆస్తి పరాధీనం కాలేదు, శిథిలమూ కాలేదు.

కనుక దీవులలో చారిత్రక స్థలాలను గానీ, ప్రభుత్వ అతిథి గృహాలను గానీ ప్రైవేటు సంస్థలకు అప్పగించదలిస్తే, నిర్ణీత గడువుతో లీజుకే పరిమితం కావాలి. కట్టడం రూపురేఖలను మార్చరాదని, వాననీటిని నిల్వచేసుకోవాలని, ఉద్యోగాలలో స్థానికులకు ప్రాధాన్యమివ్వాలని, తీరానికి ప్రజల రాకపోకలను అడ్డగించరాదని ఒప్పందంలోనే లిఖితపూర్వకంగా చేర్చాలి. షరతులను ఉల్లంఘిస్తే లీజు రద్దయ్యే నిబంధనా ఉండాలి. విలువ నిర్ధారణ పత్రాలను వేలానికి ముందే బహిరంగపరిస్తే తరువాత న్యాయస్థానాల మెట్లెక్కవలసిన అగత్యం తప్పుతుంది.

వచ్చే సొమ్ము ఒక ఏడాది లోటును పూడ్చవచ్చునేమో గాని, ఖైదీల చెమటతో తడిసిన నేలను తిరిగి కొనితేలేదు. ఈ వాస్తవాన్ని పాలకులు గుర్తించి నిర్ణయం తీసుకోవడం శ్రేయస్కరం.