ఫిన్లాండు నేర్పే పాఠం

ఐరోపా ఖండపు ఉత్తర కొసన ఉన్న ఫిన్లాండు జనాభా సుమారు 56 లక్షలు మాత్రమే. మన హైదరాబాదు నగర జనాభా కన్న అది తక్కువ. 1917లో స్వాతంత్ర్యం పొందిన ఈ చిన్న దేశం తన పాఠశాలలను తీర్చిదిద్దుకున్న తీరు విద్యార్థులమైన మనకు ఆలోచనీయం.

1960వ దశకం వరకు అక్కడి బాలబాలికల భవితవ్యం పదకొండేండ్ల ప్రాయంలోనే తేలిపోయేది. నాలుగేండ్ల ప్రాథమిక విద్య తరువాత కొందరు ఉన్నత విద్యకు దారితీసే పాఠశాలలలో చేరేవారు. వాటిలో సాధారణంగా రుసుము చెల్లించవలసి వచ్చేది. తక్కినవారికి ఆ ద్వారం మూసుకుపోయేది. ఈ వివక్షను తొలగించడానికి 1968లో పార్లమెంటు చట్టం చేసింది. అందరికీ ఒకే విధమైన తొమ్మిదేండ్ల ఉచిత విద్య ఏర్పడింది. ఆ సంస్కరణ 1972లో వెనుకబడిన ఉత్తర ప్రాంతమైన లాప్‌లాండులో మొదలై, 1977 నాటికి గాని రాజధాని హెల్సింకీ ప్రాంతానికి చేరలేదు. ప్రతి పథకానికీ రాజధానిలో ప్రారంభోత్సవం చూచి, అది మారుమూల గ్రామానికి ఎప్పుడు చేరునా అని ఎదురుచూచే మనకు ఇది వింతగానే తోచవచ్చు.

1979 నాటి సంస్కరణతో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికి సైతం స్నాతకోత్తర పట్టం విధాయకమైంది. పాఠశాలల తనిఖీ విధానాన్ని రద్దుచేసినది ఆ తరువాత, 1990వ దశకం తొలినాళ్లలో. అనగా, ముందు గురువును సమర్థుని చేశారు. పిమ్మట ఆయనను విశ్వసించారు. ఈ క్రమాన్ని తారుమారు చేసి, పరీక్షలు తగ్గించడమే ఫిన్లాండు రహస్యమని ప్రచారం చేయడం పొరపాటు.

మన కళాశాలకు మరింత సన్నిహితమైన విషయం భాష. అక్కడ స్వీడిష్ మాతృభాషగా గలవారు నూటికి ఐదుగురు మాత్రమే. అయినను 1919 నాటి రాజ్యాంగం ఫిన్నిష్‌తో పాటు స్వీడిష్‌ను కూడ జాతీయ భాషగా గుర్తించింది. ఫిన్నిష్ మాతృభాషగా గల పిల్లలు సైతం పాఠశాలలో స్వీడిష్ నేర్వవలసిందే. అక్కడి స్వీడిష్ విశ్వవిద్యాలయమైన ఓబో అకాడమీ 1918లో స్థాపితమైంది. ఉర్దూ మాధ్యమంగా మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినది కూడ ఆ సంవత్సరమే. ఓబో నేటికీ స్వీడిష్‌లో బోధిస్తున్నది. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం 1948 తరువాత నిలువలేదు.

ఫిన్లాండును ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. 2000 సంవత్సరపు అంతర్జాతీయ పరీక్షలో పఠనంలో ప్రథమ స్థానం పొందిన ఆ దేశపు విద్యార్థుల ఫలితాలు 2022 నాటికి గణనీయంగా క్షీణించాయి. ఏ విజయమూ శాశ్వతం కాదు. సంపన్నమైన చిన్న దేశపు పద్ధతి మనకు అక్షరాలా పనికిరాదనే వాదమూ కాదనలేనిది. కాని వెనుకబడిన చోట ముందు మొదలుపెట్టడానికి, పొరుగువాని భాషను గౌరవించడానికి సంపదతో నిమిత్తం లేదు.

మిత్రులారా! ఉర్దూ మాధ్యమంలో చదివి డిగ్రీ తరగతిలో ఆంగ్లోపన్యాసం అర్థం కాక తలవంచుకుని కూర్చున్న సహాధ్యాయిని మనమందరం చూచినవారమే. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవాని స్థితియూ అంతే. ఆ లోపం వానిది కాదు. అతని భాషను పాఠశాల గుమ్మం దాటనిచ్చి, కళాశాల గుమ్మం వద్ద ఆపివేసిన విధానానిది. ప్రభుత్వం మారేలోగా మనం చేయగల పని ఒకటున్నది. మన పత్రికలో ఎదురెదురు పుటలలో నిలిచిన ఈ రెండు లిపులను మనలో ప్రతి ఒక్కరూ చదవగలిగేలా ఒకరికొకరం నేర్పుకుందాం. సంస్కరణకు అదే మన లాప్‌లాండు.