బట్టమేక పిట్ట మిగిలిన నేల

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు వెళ్ళే యాత్రికులు పసుపురాతి కోటను చూస్తారు, సమ్ గ్రామం వద్ద ఇసుక తిన్నెలపై ఒంటె ఎక్కుతారు, రాత్రి గుడారాల్లో పాటలు విని తిరిగివస్తారు. ఆ పరిసరాల్లోనే 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఎడారి జాతీయ ఉద్యానం విస్తరించి ఉన్నదన్న ధ్యాస చాలామందికి ఉండదు. మేము వెళ్ళింది దానికోసమే.

ఎడారి అనగానే ఇసుకే మనసులో మెదులుతుంది. కానీ ఇక్కడ తిన్నెలు కొంత భాగమే. మిగిలినది రాతినేల, సేవణ్ గడ్డి మైదానం, అక్కడక్కడ ఖేజ్రీ చెట్లు. ఖేజ్రీ అంటే మన జమ్మిచెట్టే! ఫజ్ర్ నమాజు ముగించుకొని సుదాసరి గడ్డినేలకు చేరితే ముందు చింకారా జింకలు కనిపించాయి. చాలాసేపటికి, దూరాన, బట్టమేక పిట్ట.

ఈ పక్షి మనకు పరాయిది కాదు. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో దీనికోసమే 1988లో అభయారణ్యం ఏర్పరచారు. అక్కడ అది దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తంమీద ప్రకృతిలో స్వేచ్ఛగా మిగిలినవి సుమారు నూటయాభై మాత్రమే. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేలమీద. బరువైన దేహం, ఎదుటి వస్తువును సరిగా పట్టని చూపు. అందుచేత ఎగురుతూ విద్యుత్తు తీగలకు తగిలి మరణిస్తున్నది. తీగలను భూమిలో వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించి, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘాన్ని నియమించింది. సౌరవిద్యుత్తూ కావలసినదే, పక్షీ కావలసినదే. ఖర్చు ఎక్కువన్న ఒక్క కారణంతో పక్షిని వదులుకోవడం మాకు సమ్మతం కాదు.

గూటినుండి పిల్లలను తీసిన సహచరులతో, వాటిని తల్లిపక్షికి తిరిగి అప్పగించమని దైవప్రవక్త (స) చెప్పారు. సమ్‌లోని సంతానోత్పత్తి కేంద్రంలో గుడ్లను సేకరించి పొదిగిస్తున్నారు. ఇక్కడ తీసుకోవడం కూడా కారుణ్యమే.

ఉద్యానం లోపల గ్రామాలున్నాయి. గొర్రెలు, మేకలు, ఒంటెలు మేపుకొనే సింధీ ముస్లిం కుటుంబాలు వాటిలో అనేకం. రక్షణ నిబంధనల వల్ల రోడ్డు, కరెంటు తమదాకా రావడంలేదన్న వారి ఫిర్యాదు తోసిపుచ్చదగినది కాదు. ఒక ఇంట వుజూకు మాకు చెంబెడు నీళ్ళిచ్చారు. వాటిని ఎంత దూరంనుండి మోసుకొచ్చారో ఆ ఇంటి ఆడబిడ్డ బిందె చూస్తేనే అర్థమైంది. అతిథులమని మరో చెంబు అడగడానికి నోరు రాలేదు.

వెళ్ళదలచినవారికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ప్రవేశానుమతి సంగతి జైసల్మేర్‌లోనే ముందుగా విచారించుకోవాలి. పిల్లలుంటే, పట్టణానికి 17 కిలోమీటర్ల దూరంలోని ఆకల్‌లో రాయిగా మారిన ప్రాచీన వృక్షాల దుంగలను కూడా ఎండ ముదరకముందే చూపించండి.