దారి లేని కొండ లేదు



డెల్టాలో పుట్టిన మాకు చిన్నప్పుడు ఎత్తు అంటే ఏటిగట్టే. వరిచేలు, కాలువలు, కొబ్బరితోటలు తప్ప కొండ ఎరగం. పీజీలో చేరాక హాస్టల్ మిత్రులం ఆరుగురం రాజమండ్రిలో బస్సెక్కి, గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్ళి, ఆ దగ్గర్లోని ఒక చిన్న అడవికొండ ఎక్కాం. కోరుకొండ నరసింహస్వామి గుడికైతే మెట్లున్నాయి. ఈ కొండకు మెట్లు లేవు, బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. కింద ఊళ్ళో ఎవరినైనా అడిగి ఎక్కాల్సింది. చదువుకున్నవాళ్ళం కదా, అడగలేదు.

ఎక్కడం తేలికగానే అయింది. దిగేటప్పుడు తెలిసింది. నీరు పల్లానికే పోతుంది, వాగు వెంట దిగితే ఊరొస్తుందనుకున్నాం. కాలువగట్టు పట్టుకుని నడిస్తే ఊరు తగిలే నేలలో పెరిగిన బుద్ధి అది! కొండవాగు రాతి అంచు మీంచి ఒక్కసారిగా కిందికి దూకింది. ముందుకు పోలేం, మళ్ళీ పైకెక్కే ఓపిక లేదు. సీసాల్లో నీళ్ళు అయిపోయాయి. సెల్‌ఫోనుకు సిగ్నల్ లేదు. చెట్ల కింద అప్పుడే మసక పడుతోంది.

ఆ సమయంలో అడ్డాకుల మోపుతో ఒక కొండరెడ్డి అక్క కనిపించింది. "దారి లేదక్కా, చిక్కుకుపోయాం" అన్నాం. "ఇదే గదా బాబూ దారి, రోజూ వచ్చేదే" అంటూ మా పక్కనున్న పొదల్లోంచే నడిచింది. ముప్పావు గంటలో ఊళ్ళో ఉన్నాం.

మా అభిప్రాయం ఇది. "దారి లేదు" అనడం తప్పు. "మాకు తెలియదు" అనాలి. అడ్డాకు, చింతపండు, జీలుగుకల్లు కోసం తరతరాలుగా నడిచిన కాళ్ళు వేసిన దారులవి. 1922లో అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై దాడి చేయగలిగిందంటే, ఆ దారులు తెలిసిన గిరిజనులు వెంట ఉండబట్టే. అడవిపై వారి హక్కును చట్టం గుర్తించడానికి 2006 దాకా పట్టింది.

తిరిగొచ్చాక మాలో ఒకరు "తమ్ముళ్ళ కోసం రాళ్ళమీద పెయింటుతో బాణాలు వేద్దాం" అన్నారు. మేం ఒప్పుకోలేదు. రంగు నాలుగు వానలకు పోతుంది. పైగా అది మన కొండ కాదు. వెళ్ళదలచినవారు ఫారెస్టు వారి అనుమతి తీసుకోండి. ఊరివారిని ఒకరిని వెంట తీసుకెళ్ళి, తగిన కూలి ఇవ్వండి. మధ్యాహ్నానికల్లా వెనుదిరగండి. వాగు వెంట దిగకండి. ప్లాస్టిక్ సీసాలు తిరిగి తెచ్చుకోండి.

ఇక మన హాస్టల్ సంగతి. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివినవారు మాకు ముందు లేరు. పదో తరగతి అయ్యాక ఏ గ్రూపు తీసుకోవాలో, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ కాగితాలు కావాలో, పీజీ ఎంట్రన్స్ ఎప్పుడో అమ్మానాన్నలు చెప్పలేరు. కూలికి పోయేవారికి ఆ దారి ఎలా తెలుస్తుంది? మాకు చెప్పింది ఈ హాస్టల్ అన్నలే. కుల ధ్రువపత్రం కోసం మండలాఫీసుకు మాతో వచ్చిన అన్న లేకపోతే మాలో ఒకరు ఇంటర్‌తోనే ఆగిపోయేవారు.

నడిచేవారుంటేనే కొండదారి నిలుస్తుంది. రెండు వర్షాకాలాలు ఎవరూ నడవకపోతే పొదలు మూసేస్తాయి. ఉద్యోగాలొచ్చిన అన్నలారా! వార్షికోత్సవానికి వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళిపోతే చాలదు. నెలకొక ఆదివారం రండి. పదో తరగతి తమ్ముళ్ళతో కూర్చోండి. మీరు ఎక్కడ జారారో కూడా చెప్పండి. తమ్ముళ్ళారా! మీరు మాలాగా అడగకుండా ఎక్కకండి. అడగడం నామోషీ కాదు.

ఈ ఏడాది నుంచి మేం ఆరుగురం వంతులవారీగా వస్తున్నాం. మొదటి ఆదివారం హాస్టల్ వరండాలో కలుద్దాం.