కాలువగట్టున దేవుని రాజ్యము

ప్రతి ఉదయమున మన పాఠశాలలో ప్రభువు నేర్పిన ప్రార్థనను అందరమును కలసి చెప్పుచున్నాము. దేవుని రాజ్యము రావలెనని వేడుకొను భాగము వచ్చునప్పటికి చిన్న తరగతుల పిల్లల చూపులు పైకప్పువైపునకు పోవును. వారిననుట యెందుకు? పెద్దలమైన మనమును ఆ రాజ్యము ఆకాశమున నెక్కడనో యున్నదనియు, మరణానంతరము మాత్రమే దానిలో ప్రవేశింతుమనియు తలంచుచున్నాము. అయితే ఆ ప్రార్థనలో రాజ్యమును గూర్చిన మనవి వెంట భూమిని గూర్చిన మాట యున్నది. దాని వెంటనే అనుదినాహారమును గూర్చిన మనవి యున్నది. అన్నమునకు ఇంత సమీపమున ఉంచబడిన నిరీక్షణను మేఘములలోనికి పంపివేయుట తగదని మా యభిప్రాయము.

ఇందుకు నిదర్శనము వెదకుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. ధాత, ఈశ్వర నామ సంవత్సరములందు, అనగా 1876 మొదలు 1878 వరకు, దక్షిణదేశమున ఘోరమైన కరువు వచ్చెను. లక్షలకొలది జనులు నశించిరి. అప్పుడు ఒంగోలున అమెరికను బాప్తిస్టు మిషనరీయైన జాను ఎవరెట్టు క్లౌ దొరగారుండిరి. ఆయన యౌవనమున తన దేశములో భూములను కొలుచు సర్వే పని చేసినవాడు. దొరతనమువారు కరువుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వించుచుండగా, పేదలు పరాయి మేస్త్రీల చేతిలో పడి నలిగిపోకుండునట్లు ఆయన తానే 3½ మైళ్ల పొడవు పనిని కంట్రాక్టునకు తీసికొనెను. బోధకులే మేస్త్రీలైరి. పార పట్టగలవారు మన్ను త్రవ్విరి. స్త్రీలు గంపలు మోసిరి. దినకూలి సంపాదించుకొని గంజి కాచుకొనిరి. పనివారు అలసి గట్టున కూర్చున్నప్పుడు బోధకులు వారి నడుమ కూర్చుండి సువార్త చెప్పిరి. ఆ పనివారిలో అనేకులు మాదిగలు. ఊరి బావివద్దకు రానీయబడనివారికి ఆ గట్టున పనియు, కూలియు, ప్రక్కన కూర్చుండి మాటలాడు మనిషియు దొరకిరి.

మన సంఘములలో సాధారణముగా చెప్పుకొనునది ఈ కథ కాదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి పిల్లలకు కూడ కంఠస్థమై యున్నది. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. మేము ఆ దినమును తక్కువ చేయుటలేదు. కాని అంకె పెద్దదైనకొలది దాని వెనుక నున్నది మరుగుపడును. కరువు సహాయము జరుగుచుండగా బాప్తిస్మము కోరి వచ్చినవారిని క్లౌ దొరగారు సుమారు 15 నెలలు చేర్చుకొనలేదు. అన్నము కొరకు మతము పుచ్చుకొనిరని నేటికిని ఆక్షేపించువారున్నారు. ఆ ప్రశ్న అడుగదగినదే. మొదట అడిగినవాడు ఆయనయే. కూలి యిచ్చు చేయి వేరు, బాప్తిస్మమిచ్చు చేయి వేరు అని ఆయన నిలిపినందుననే, పని ముగిసిన తరువాత వచ్చినవారి రాకకు విలువ కలిగెను. కాబట్టి మా లెక్కలో ఆ 15 నెలలు నదిలోని ఆ ఒక్క దినముకంటె గొప్పవి.

దేవుని రాజ్యమనగా మన్ను త్రవ్వుటయేనా, సంఘసంస్కర్త ఆ మాత్రము చేయడా అని భక్తిగల మిత్రులు కొందరడుగుచున్నారు. క్లౌ దొరగారు చెప్పగా ఆయన భార్య ఎమ్మా దొరసానిగారు వ్రాసిన వృత్తాంతము, ఆయన 1910లో గతించిన పిమ్మట, 1914లో అచ్చుపడెను. దాని పేరు ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’. ఆమె సోదరుడు వాల్టరు రౌషెన్‌బుష్. సమాజజీవనమున దేవుని రాజ్యమును గూర్చి అమెరికాలో మిక్కిలి వ్రాసినవాడు. ఆ యింటివారికి ఆత్మరక్షణయు న్యాయమైన కూలియు రెండు సువార్తలు కావు. అయినను మిత్రుల ప్రశ్నలో కొంత సత్యమున్నది. 3½ మైళ్ల కాలువ కరువును ఆపలేదు. మన చేతులు చేయగలది ఇంతయే యని తెలిసియు పార దించకుండుటకు లెక్కలు చాలవు. ఈ భూమి చివరకు దేవునిదే యగునను నమ్మకము కావలెను. దానినే మేము నిరీక్షణ యనుచున్నాము.

పెద్దగంజాము మొదలు చెన్నపట్టణము వైపునకు సాగు ఆ కాలువమీద పూర్వము ఉప్పును కట్టెలును మోసికొని పడవలు పోయెడివి. ఆ రాకపోకలు నిలిచి చాలకాలమైనది. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ తీరముపై పడినప్పుడు, లోపలికి చొచ్చిన నీటిని ఈ కాలువ కొంత తనలోనికి తీసికొని ప్రజలను కాపాడెనని పరిశీలకులు వ్రాసిరి. నాడు పూటగంజి కొరకు గంప మోసిన తల్లి దీనిని ఎరుగదు.

ఇక మన యిండ్లసంగతి. ఆదివారమున ఒకే పాత్రలోనిది పుచ్చుకొని, సోమవారమున పెండ్లి సంబంధము వచ్చినప్పుడు మొదట కులమడుగు క్రైస్తవ కుటుంబములు లేవని తల్లిదండ్రులు చెప్పగలరా? సమాధుల స్థలములో సహితము వరుసలు వేరుపరచుకొన్న గ్రామములున్నవి. గిన్నెలు తోము స్త్రీకి నెల జీతము పదియవ తేదీవరకు ఆపి, ఆ లోపల కానుకలపెట్టెలో నోటు వేయుట మనకు దోషముగా తోచుటలేదు. విద్యార్థులారా, వసతిగృహములో వంటచేయువారి పేర్లు మీలో ఎందరికి తెలియును? మరుగుదొడ్లు కడుగు వానిని ‘అన్నా’ యని పిలుచువారెందరు? ఇవి చిన్న సంగతులని త్రోసివేయవద్దు. గట్టుమీద నాడు జరిగినవన్నియు ఇంతటి చిన్న సంగతులే.

మా మనవి యొకటి. ఇక మీదట విహారయాత్రకు పోవు తరగతులను వెల్లంపల్లి రేవునకు మాత్రమే గాక, ఒంగోలుకు తూర్పున నున్న ఆ కాలువవద్దకును తీసికొనిపోవలెను. అచ్చట చూడదగిన కట్టడమేమియు లేదు; మన్నును నీరును మాత్రమే యున్నవి. ఉపాధ్యాయులు పిల్లలను గట్టుమీద కూర్చుండబెట్టి, దానిని ఎవరు త్రవ్విరో చెప్పిన చాలును.