కొండ దక్కింది సరే, కింద బురద మాటేంటి?



ప్రమాదకర వ్యర్థాల మీద ప్రాంతీయంగా కలిసి పనిచేద్దాం అని పర్యావరణ సంఘాలు అంటున్నాయి. మంచిదే, మేం వద్దనం. కానీ ఆ ‘ప్రాంతం’ మన దగ్గరికొచ్చేసరికి రాష్ట్ర సరిహద్దులో ఆగిపోతోంది. వాళ్ల మీటింగు భువనేశ్వర్‌లో, మనది విశాఖలో. వంశధార మాత్రం ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగకుండా వచ్చేస్తోంది.

నియమగిరి కథ మనందరికీ తెలిసిందే. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. డోంగ్రియా కోందులు కొండను కాపాడుకున్నారు. ఆ కొండ కింద లాంజిగఢ్ అల్యూమినా ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు, బాక్సైటు వేరేచోట్ల నుంచి తెచ్చుకుని నడుస్తోంది. టన్ను అల్యూమినా తీస్తే టన్ను నుంచి టన్నున్నర ఎర్రబురద మిగులుతుంది. కాస్టిక్ సోడా కలిసిన బురద అది, ఒంటికి తగిలితే కాలుతుంది. దాన్ని నిలవ చేసేది వంశధార ఎగువనే. దిగువన గుణుపూర్, ఆ తర్వాత మన సవర, జాతాపు పల్లెలున్న శ్రీకాకుళం వైపు, హిరమండలం గొట్టా బ్యారేజీ, చివర కళింగపట్నం సముద్రం.

2010 అక్టోబరులో హంగేరీలోని ఆయ్‌కా దగ్గర ఇలాంటి గట్టే తెగింది. 10 మంది చనిపోయారు, మార్కల్ నదిలో చేప మిగల్లేదు. ఇక్కడ గట్టు తెగిందని మేం అనట్లేదు. తెగితే అక్కడి ఊరోళ్లు ఇక్కడ ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఈ నంబరు కూడా లేనిదాన్ని పొత్తు అని ఎలా అంటారు?

ఇంకోటి చూడండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఎర్రబురద జాబితా బయటే ఉంది. ‘పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ’ అని ఒక నోటు రాసి, ఫ్లైయాష్‌తో పాటు పక్కన పెట్టేశారు. ఎవరి మీదండీ తక్కువ? ఆ నీళ్లు తాగేవాళ్లని అడిగి రాశారా? పాత బ్యాటరీల మీద, ఆసుపత్రి చెత్త మీద సదస్సులు పెట్టండి, అవీ కావాలి. ఈ ఒక్క నోటు తీయించడానికి మాత్రం రెండు రాష్ట్రాల సంఘాలూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి.

మన పెద్దోళ్ల పోరాటాలు కొండ మీద జరిగాయి. 1997 సమతా తీర్పు మన భూముల లీజుల గురించి, నియమగిరి తవ్వకం గురించి. రెండు ప్రభుత్వాలూ వంశధార మీద ట్రిబ్యునల్‌కెళ్లింది నీళ్ల వాటా కోసం. ఆ నీళ్లలో ఏం కలుస్తుందన్నది ఆ పంచాయితీ కాదు.

కాబట్టి పొత్తు నదిని బట్టి ఉండాలి. గ్రామసభలు అందులో సభ్యులుగా ఉండాలి. మమ్మల్ని థింసాకి, డప్పుకి పిలిచి, తీర్మానం ఇంగ్లీషులో చదివేసే పొత్తు మాకక్కర్లేదు. నీటి పరీక్షల ఫలితాలు కువిలో, సవరలో, ఒడియాలో, తెలుగులో ఊళ్లోనే చదవాలి. కువి కొండకి అటూ ఇటూ మాట్లాడతారు, అనువాదానికి మనోళ్లే చాలు.

సంఘాలొచ్చేదాకా మనం కూర్చోనక్కర్లేదు. గుణుపూర్, సీతంపేట, పార్వతీపురం హాస్టళ్లోళ్లం ముందు కలుద్దాం. వానలకి ముందోసారి, తర్వాతోసారి ఎగువ నుంచి గొట్టా దాకా నీటి పీహెచ్ చూద్దాం. కెమిస్ట్రీ చదివేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వచ్చేవాళ్లు కింద మీ మండలం పేరు రాయండి.